రాణి చుక్క గౌను చుక్క సైజు

కంప్యూటరు ముందు కూర్చుని కూర్చుని కళ్ళజోడు తెచ్చుకున్న మా అక్క కూతురు పిచ్చుకకు పిన్ని దీవెనలు.

నువ్వు పెన్‌డ్రైవులో పెట్టి పంపిన ప్రోగ్రాము మన షాపు వ్యాను డ్రైవరు చేతుల మీదుగా క్షేమంగా చేరింది. ఈ రోజుల్లో ఉత్తరమేమిటి పిన్నీ, ఫోను చెయ్యొచ్చుగా అంటావు. నా ఫోను ఏదో కోటు జేబులో ఉండిపోయి అద్దెకు వెళ్ళిపోయింది. ఏ కోటో గుర్తులేదు. నువ్వు ఫోను చేసినప్పుడల్లా ఏదో ఊళ్ళో ఎవరో రాజుగారు సింహాసనం మీద ఉలిక్కిపడుతుంటారు. ఆ కోటు తిరిగొచ్చేదాకా మనకి ఈ వ్యానే దిక్కు. ఎలాగూ మీ ఊరి థియేటరుకు సామాను వేసుకుని వస్తూనే ఉంటాడు కాబట్టి జవాబు అతని చేతికే ఇయ్యి.

అసలు సంగతికొస్తాను. మన నాటకాల దుస్తుల షాపులో ఏ అంగీ ఏ అరలో ఉందో, ఏ గడ్డం ఏ పెట్టెలో ఉందో ఇన్నేళ్ళూ మాస్టరు బుర్రలో తప్ప ఇంకెక్కడా లేదు. ఆయన మంచి టైలరు, నేను కాదనను. కానీ ఈమధ్య సూదిలో దారం ఎక్కించినంత తేలిగ్గా "రేపు నేను మానేస్తే మీ గతేంటమ్మా?" అంటున్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆయన ఒకపూట రాకపోయినా షాపు నడుస్తుందని చూపించి తీరాలి. అందుకే ప్రతి కోటునూ, ప్రతి గౌనునూ, ప్రతి మీసాన్నీ నా చేత్తో నేనే కంప్యూటర్లోకి ఎక్కించాను. ఒక్క వేలితోనే అనుకో.

నువ్వు ముందు పంపిన దాంట్లో ఆ బ్రాకెట్లూ ఆ కొటేషన్లూ చూసి కళ్ళు తిరిగాయి. ఒక కోటు రంగు తెలియాలంటే నాలుగు ముళ్ళకంచెలు దాటాలి. ఇప్పుడు చుక్క పెడితే చాలు. raja.kotu.rangu అని కొట్టాను. erupu అంది. రాజు, చుక్క, కోటు, చుక్క, రంగు! మనిషిని అడిగినట్టే ఉంది. మాస్టరును పిలిచి మరీ చూపించాను. ఆయన ముఖం ఇస్త్రీపెట్టె కింద మరిచిపోయిన పట్టుబట్టలా మాడిపోయింది.

సరిగ్గా సమయానికి వచ్చింది నీ ప్రోగ్రాము. ఈ శనివారం నాటక సమాజం వాళ్ళు పెద్ద చారిత్రక నాటకం వేస్తున్నారు. రాజు, రాణి, మంత్రి, సేనాపతి, జైలరు, అందరి దుస్తులూ మనవే. ఇది బాగా జరిగితే వాళ్ళ నాటకాలన్నీ మనకే. తేడా వస్తే బజారు చివర ప్లాస్టిక్ కవచాల షాపు కాచుక్కూర్చుంది.

ఇట్లు,
చుక్కలతో పని కానిస్తున్న
మీ పిన్ని

తా.క. అన్నీ కంప్యూటర్లో ఉన్నాయి కదా అని దుస్తులకు లోపల కుట్టిన సైజు లేబుళ్ళన్నీ కత్తిరించి పారేశాను. హాయిగా ఉంది.

ఇంకో తా.క. రాణి కిరీటం రంగు అడిగితే nil అంది. నీల్ అంటే నీలమేగా? చూడబోతే బంగారు రంగులో ఉంది. కంప్యూటరు చెప్పాక ఇంకా ఆలోచించడం దేనికని మాస్టరు చేత నీలం రంగు వేయిస్తున్నాను.

* * *

రంగు డబ్బాకు తక్షణం మూత పెట్టవలసిన పిన్నికి పిచ్చుక నమస్కారాలు.

పిన్నీ, nil అంటే నీలం కాదు! ఏమీ లేదు అని. శూన్యం.

నీకు అర్థమయ్యేలా చెప్తాను. మన సరుకంతా హాష్ అనే పెట్టెలో ఉంది. ఆ పెట్టెలో పెట్టెలు, వాటిలో మళ్ళీ పెట్టెలు. రాణి పెట్టె తీస్తే కిరీటం పెట్టె, అది తీస్తే రంగు రాసిన చీటీ. మామూలుగా ఒక్కో మూత తియ్యడానికి ఒక్కో జత బ్రాకెట్లు కావాలి. నీకు పడదన్నావని దానికి ఒక ఉపాయం నేర్పాను: "ఎవరైనా నీకు తెలియని మాట అంటే కంగారుపడకు, లోపల ఆ పేరుతో ఏముందో చూసి అది చెప్పు" అని. నువ్వు రంగులో గ రెండుసార్లు నొక్కి ఉంటావు. ఆ పేరుతో చీటీ లేదు. లేదు అన్న మాటే nil.

తప్పు నాది కూడా. లేనప్పుడు లేదని తెలుగులో చెప్పేలా మార్చి కొత్త ప్రోగ్రాము ఈ ఉత్తరంతోపాటే పంపుతున్నాను. నీ సరుకు జాబితా అంతా ఒక కాపీ తీసి పంపించు, నా దగ్గర భద్రంగా ఉంటుంది.

మా ఆఫీసులో పక్క సీటు సీనియరు నా పని చూసి "ఈ చుక్కల పద్ధతి చూడ్డానికి ముచ్చటగానే ఉంటుందమ్మాయ్, ఏదో ఒకనాడు కొంప ముంచుతుంది" అన్నాడు. ముంచదు. ఆయన నోటితోనే శభాష్ అనిపించుకోకపోతే నేను పిచ్చుకనే కాదు.

ఇట్లు,
చుక్క కదలని పట్టుదలతో
పిచ్చుక

తా.క. లేబుళ్ళు నిన్నేమన్నాయి పిన్నీ? చెత్తబుట్టలో ఉంటే ఏరి దాచు.

* * *

ఉత్తరంలో కూడా స్పెల్లింగులు దిద్దే మా పిచ్చుకకు పిన్ని దీవెనలు.

నీ ఉత్తరం అందేసరికి కిరీటం ఆరిపోయింది కూడా. నాదేం తప్పు? ఆ ప్రోగ్రాము రాసిన భాష పేరు రూబీ అని నువ్వే చెప్పావు. రూబీ అంటే కెంపు. కెంపే స్వయంగా నీలం అంటే, రత్నాల సంగతి రత్నానికి తెలియదా అనుకున్నాను. అదృష్టం బాగుండి దర్శకుడికి నచ్చింది. "మన రాణిది సముద్రతీర రాజ్యం కదా, బాగుంది" అన్నాడు. నేనేదో ఆలోచించి చేసినట్టు తల ఊపాను. లేబుళ్ళంటావా, చెత్తబండి నిన్ననే వచ్చి వెళ్ళింది.

కొత్త ప్రోగ్రాము పెట్టాను. ఏం రాశావే తల్లీ దాంట్లో! ఒక అక్షరం తప్పితే చాలు, తెర నిండా ఎర్రగా "పిన్నీ, ఆ పేరుతో ఏమీ లేదు, స్పెల్లింగు చూసుకో" అని వస్తోంది. దర్శకుడు నా వెనకే నిలబడి అది పైకి చదివాడు. "పిన్ని ఎవరండీ?" అన్నాడు. చెప్పక తప్పలేదు. ఇప్పుడు సమాజం సమాజమంతా, నాకంటే పెద్దవాడు మంత్రి వేషం ఆయనతో సహా, నన్ను పిన్నీ అనే పిలుస్తోంది.

అది పోనీ. ఒక పెద్ద రహస్యం బయటపడింది. మన సైజులు నీకు తెలుసుగా, ఒకటి చంటిపిల్లలది, తొమ్మిది వస్తాదులది. (నాకు తొమ్మిది కూడా ఊపిరి బిగబడితే గాని పట్టదు, అది వేరే కథ.) దర్శకుడు నటుల కొలతలిచ్చాడు. నేను దుస్తుల సైజులు అడగడం మొదలుపెట్టాను. rani.gown.size. నాలుగు. raja.kotu.size. నాలుగు. మంత్రి అంగీ, నాలుగు. సేనాపతి చొక్కా, నాలుగు. ఇన్నేళ్ళుగా మాస్టరు ఇది ఐదు, అది ఏడు అంటూ కథలు చెప్పాడన్నమాట. అన్నీ నాలుగే!

రాణి వేసే అమ్మాయి కొలత ఏడు, గౌను నాలుగు. మూడు సైజులు వదులు చేయించాలి. సేనాపతి వేసే కుర్రాడు పుల్లలా ఉంటాడు, కొలత రెండు. చొక్కా రెండు సైజులు బిగించాలి. మాస్టరు గౌను పైకెత్తి పట్టుకుని, "అమ్మా, ఇది చూస్తేనే ఏడు" అన్నాడు.

"చూడ్డం పాత పద్ధతి మాస్టరూ. ఇప్పుడు అడగాలి" అన్నాను.

"సరే. మీరు చెప్పారు, నేను కుడతాను. ఇక ఈ షాపులో నోరెత్తితే ఒట్టు" అని మూతి బిగించుకుని మిషను తొక్కుతున్నాడు. తొక్కనీ. శనివారం అన్నీ అతికినట్టు సరిపోయాక నేను మాట్లాడతాను.

ఇట్లు,
నాలుగంటే నాలుగే అన్న
మీ పిన్ని

తా.క. జైలరు నడుముకి కట్టే తాళాలగుత్తి ఏ అరలో ఉందో చూద్దామని jailaru.keys అన్నాను. చొక్కా, టోపీ, బెల్టు, తాళాలు అని వరసగా చదివింది. తాళాలేవిరా అంటే ఒంటిమీద బట్టలన్నీ ఒప్పుకున్నాడు. వీడు ఇదివరకు దొంగేమో కనుక్కో.

* * *

పిన్నీ, ముందు మిషను ఆపించు. ఆపాక మిగతాది చదువు.

ఆపావా? నమస్కారాలు.

గౌను సైజు నాలుగు కాదు. ఏదీ నాలుగు కాదు. నేను నేర్పిన ఉపాయం గుర్తుందా? తెలియని మాట వినపడితేనే లోపల వెతుకుతుంది. size అన్న మాట హాష్‌కు పుట్టుకతోనే తెలుసు. "నీలో ఎన్ని చీటీలున్నాయి?" అని దానికి అర్థం. గౌను పెట్టెలో రంగు, సైజు, అర, చిరుగులు అని నాలుగు చీటీలున్నాయి. కోటు పెట్టెలోనూ నాలుగే. అన్నిట్లోనూ నాలుగే, ఎందుకంటే నువ్వు ఒక్కటి కూడా వదలకుండా అంత శ్రద్ధగా నింపావు.

మన షాపు గుమ్మంలో ఒక కుర్రాడు నిలబడి ఉన్నాడనుకో. "మాస్టరు ఉన్నారా?" అంటే లోపలికి వెళ్ళి చూసొస్తాడు. "టైమెంత?" అంటే తన చేతి గడియారం చూసి చెప్పేస్తాడు. నువ్వు అడిగింది లోపల గోడ గడియారం సంగతి అని అతనికి ఎలా తెలుస్తుంది? ఇదీ అంతే. జైలరు పాపం దొంగ కాదు. keys అంటే "నీలో ఉన్న చీటీల పేర్లు చెప్పు" అని దానికి అర్థం.

నువ్వు పంపిన కాపీలో నేను బ్రాకెట్లు పెట్టి అడిగాను. అలా అడిగితే తన తెలివి చూపించకుండా తిన్నగా పెట్టెలోకే వెళ్తుంది. గౌను ఏడు. అమ్మాయి ఏడు. సేనాపతి చొక్కా రెండు. కుర్రాడు రెండు. కుట్టాల్సింది ఏమీ లేదు పిన్నీ! మాస్టరు చూసి చెప్పినవన్నీ నిజాలే.

నేను దీన్ని సరిచెయ్యకుండా కుర్చీలోంచి లేవను. ఈలోగా size అన్న మాట నీ నోట రాకూడదు.

ఇట్లు,
తల పట్టుకున్న
పిచ్చుక

తా.క. సీనియరుకు ఏమీ చెప్పలేదు. నా ముఖం చూసి ఆయనే ఒక బిస్కెట్ ప్యాకెట్ నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. అది జాలి అని తెలిసి కూడా మొత్తం తినేశాను.

* * *

పట్టపగలే నాకు చుక్కలు చూపించిన పిచ్చుకకు దీవెనలు. (ఇంకా దీవిస్తున్నానంటే అది నా మంచితనం.)

మిషను ఆపమన్న నీ ఉత్తరం వ్యానులో గడ్డాల మూటలోకి జారిపోయింది. ఈ రోజు మంత్రిగారి గడ్డం దులిపితే రాలింది. ఈలోగా మాస్టరు అన్నీ కుట్టేశాడు. ఏడో నంబరు గౌనుకు మూడు సైజులు కలిపితే పది. మన షాపు పుట్టాక పదో నంబరు అనేదే లేదు. తాడు మీద ఆరేస్తే గదికి ఇవతలివాళ్ళకు అవతలివాళ్ళు కనపడటం లేదు. రెండో నంబరు చొక్కాకు రెండు తీసేస్తే ఎంతో నువ్వే చెప్పు, లెక్కలు చదువుకున్నదానివి. సేనాపతి ఒక చెయ్యి దూర్చి ఆగిపోయాడు. ఆ చెయ్యి మళ్ళీ బయటికి తియ్యడానికి ఇద్దరం పట్టుకుని లాగాం.

నీ ఉత్తరం మాస్టరుకు చదివి వినిపించాను. ఆయన చెప్పిందే నిజమని ఒప్పుకోవడం గొంతులో ముల్లు దిగినట్టే ఉంది, అయినా ఒక్క మాట మింగకుండా చదివాను. నోరెత్తనని ఒట్టు వేసుకున్నాడు కదా, నోరు మూసుకునే నవ్వాడు. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. చివరికి కళ్ళు తుడుచుకుని, కత్తెర తీసుకుని, కుట్లు విప్పడానికి కూర్చున్నాడు. నేనూ పక్కన కూర్చున్నాను.

దర్శకుడు వచ్చి చూసి "పిన్నీ, రేపటికి ఇవి సరికాకపోతే నేను ప్లాస్టిక్ షాపుకు వెళ్ళక తప్పదు" అన్నాడు. నేను లేచి నిలబడి చెప్పాను: "మీ రాజు మా కోటులోనే చస్తాడు. ప్లాస్టిక్‌లో చావనివ్వను" అని. అన్నాక చేసి తీరాలి కదా.

లేబుళ్ళు లేవు కాబట్టి అసలు సైజులు కంప్యూటరే చెప్పాలి. నీ బ్రాకెట్లు నేర్చుకున్నాను. ఒక్కో కంచే దాటుతున్నాను, ఒళ్ళంతా గీరుకుపోతోంది గాని ఇప్పటికి అన్నీ నిజమే చెప్తోంది. అయినా సరే, నా చుక్క నాకు కావాలి. మోసం చెయ్యని చుక్క చేసి పంపించు.

ఇట్లు,
దారాలు విప్పుతున్న
మీ పిన్ని

తా.క. రాజుల కాలంలో గూఢచారులు గడ్డంలో ఉత్తరాలు దాచేవారేమో అని మంత్రి వేషం ఆయన సంబరపడిపోతున్నాడు. ఈ ఉత్తరం తన గడ్డంలో పెట్టి పంపమంటున్నాడు. డ్రైవరు జేబులోనే పెట్టాను.

* * *

కత్తెర పట్టిన వీరనారి మా పిన్నికి పిచ్చుక నమస్కారాలు.

మోసం చెయ్యని చుక్క ఇదిగో, డ్రైవరు చేతికి ఇచ్చాను. ఇకమీద size బదులు kolata. rani.gown.kolata అంటే ఏడు అంటుంది. హాష్‌కు కొలత అన్న మాట తెలియదు, కాబట్టి బుద్ధిగా లోపలికి వెళ్ళి చూసొస్తుంది. తాళాలకు keys వద్దు, talalu. అంతే కాదు, దానికి పుట్టుకతో తెలిసిన మాట ఏదైనా నువ్వు చీటీకి పేరుగా పెట్టబోతే అక్కడే అడ్డుపడుతుంది. పెట్టాక ఏడవడం కాదు, పెట్టేముందే ఆపుతుంది.

ఆ మాటలన్నీ నేను ఒక్కదాన్నే వెతకలేకపోయాను. సీనియరు దగ్గరికి వెళ్ళి "మునిగింది" అన్నాను. "ఏది?" అన్నాడు. "కొంప" అన్నాను. కుర్చీ దగ్గరికి లాక్కుని నాతోపాటు కూర్చున్నాడు. తన కుర్రతనంలో ఇదే చుక్క పెట్టి ఒక చెప్పుల షాపులో అందరికీ ఆరో నంబరు చెప్పులు పంపించాడట. అప్పుడు మా ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

నాకు రావాలనే ఉంది పిన్నీ, సెలవు ఇచ్చేది లేదన్నారు. నువ్వు ఒక్కదానివే గెలవాలి.

ఇట్లు,
ఇక్కడినుంచే ఊపిరి బిగబట్టిన
పిచ్చుక

తా.క. అన్నిటికంటే ముందు రాణి గౌను సరిచేయించు. అంచు కాలికి అడ్డం పడితే ప్రమాదం.

* * *

మా పిచ్చుకకు పిన్ని దీవెనలు, నీతోపాటు ఆ సీనియరుగారికి కూడా కొన్ని.

నీ కొత్త చుక్క శనివారం పొద్దున్నే చేరింది. నేను అడగడం, అది చెప్పడం, మాస్టరు విప్పడం. రాజు ఐదు, మంత్రి ఆరు, జైలరు ఎనిమిది. ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు. మధ్యాహ్నానికి సేనాపతికి చొక్కా పట్టింది, రెండు చేతులూ దూరాయి. నువ్వు ముందు చెయ్యమన్న గౌను ఆఖరికి మిగిలింది, తీరా వెతికితే, అది షాపులో లేదు. మేం కుట్లలో తల దూర్చుకుని ఉండగా రాణి వేసే అమ్మాయి వచ్చి, తనది సిద్ధమైందనుకుని పట్టుకుపోయింది.

మాస్టరూ నేనూ థియేటరుకు పరిగెత్తాం. నేను పరిగెత్తడం ఎవరూ చూడలేదు కాబట్టి ఆ మాట నమ్మాలి నువ్వు. మేం మెట్లెక్కుతుండగానే లోపల ధబ్బున చప్పుడు. ఆ అమ్మాయి పదో నంబరు గౌను తొడుక్కుని, అంచు కాలికి చుట్టుకుని, సింహాసనం మెట్ల మీద పడింది. ఎముక విరగలేదు, మడమ బెణికింది. నాకు ప్రాణం పోయినంత పనైంది. మంచుగడ్డ తెప్పించి, కాలు ఒళ్ళో పెట్టుకుని, "తప్పు నాదమ్మా" అన్నాను. ఆ పిల్ల బంగారం. "నా కాలు పోనీ పిన్నీ, నాటకం ఎలా?" అని ఏడ్చింది.

హాలు నిండిపోతోంది. కుర్చీల చప్పుడు లోపలికి వినిపిస్తోంది. దర్శకుడు తెల్లగా పాలిపోయి, "మాటలన్నీ వచ్చిన రాణి ఇంకొకరు ఎక్కడినుంచి వస్తారు?" అన్నాడు. నేను ఊరికే, ఆయన అడిగాడు కదా అని, "మాటలదేముంది, కొలతల కోసం రిహార్సల్సన్నీ ఇక్కడే కూర్చున్నానుగా, నాకు వచ్చు" అన్నాను. రాజు అనుమానంగా ఒక మాట అందించాడు. నేను జవాబు చెప్పాను. మంత్రి ఇంకోటి అందించాడు. దానికీ చెప్పాను.

"వచ్చినా ఏం లాభం?" అన్నాడు దర్శకుడు. "ఆ గౌను ఎవరికి పడుతుంది?"

నేను మాస్టరు వైపు చూశాను. ఆయన ఒట్టు తీసి గట్టున పెట్టి నోరెత్తాడు. "మీకే కుట్టినట్టుందమ్మా."

ఊపిరి బిగబట్టనక్కర్లేకుండా పట్టింది పిచ్చుకా. నా జన్మలో మొదటిసారి ఒక దుస్తు నాకు హాయిగా పట్టింది.

ఇన్నేళ్ళూ తెర వెనక సూదీ దారం పట్టుకుని నిలబడి ఎందరో రాణుల అంచులు సరిచేశాను. తెర ముందు దీపాలు అంత వేడిగా ఉంటాయని నాకు తెలియనే తెలియదు. మొదటి మాట అనబోయి, అలవాటుకొద్దీ గౌను అంచు సర్దుకున్నాను. ఎదురుగా రాజు కళ్ళతోనే "కానివ్వండి పిన్నీ" అన్నాడు. అక్కణ్ణుంచి ఏం జరిగిందో నాకు సరిగ్గా గుర్తులేదు. గుర్తున్నది చివర్లో ఆ చప్పట్లు. అమ్మాయి కుర్చీలో కూర్చుని, కాలు బల్ల మీద పెట్టుకుని, అందరికంటే గట్టిగా కొట్టింది.

దర్శకుడు ఆ అమ్మాయికి కాలు బాగయ్యాక యువరాణి వేషం రాస్తాడట. రాణిగా మాత్రం నన్నే ఉండమన్నాడు. ఊరూరా తిరగాలి. షాపు సంగతి ఏం చెయ్యాలా అని తెల్లారేదాకా పొర్లాను. పొద్దున్నే వెళ్ళేసరికి మాస్టరు కంప్యూటరు ముందు కూర్చుని, ఒక్క వేలితో, ఎవరికో దుస్తులు వెతికి పెడుతున్నాడు. నన్ను చూసి కూడా లేవలేదు. "మీరు వెళ్ళి రండమ్మా, నేను మానెయ్యను" అన్నాడు. నేను సరే అన్నాను. పైకి గట్టిగానే అన్నాను, మెట్లు దిగాక కొంచెం ఏడ్చాను.

వచ్చే ఆదివారం మీ ఊరి థియేటర్లోనే ఆడుతున్నాం. సెలవు అడగక్కర్లేదు, నేనే వస్తున్నాను. మూడో వరసలో రెండు సీట్లు చెప్పి ఉంచాను, నీకొకటి, సీనియరుగారికొకటి.

ఇట్లు,
సముద్రతీర రాజ్యపు మహారాణి
మీ పిన్ని

తా.క. రెండో అంకంలో నన్ను విషం పెట్టి చంపేస్తారు. నువ్వు అసలే తొందరపాటు మనిషివి, నీళ్ళ సీసా పట్టుకుని స్టేజీ ఎక్కకు. మూడో అంకంలో దయ్యంగా వస్తాను, మాటలు అప్పుడే ఎక్కువ.